పొగాకు చేలో మొదలయ్యే ఫార్మకాలజీ

(ఒంగోలులో నర్సింగ్, ఫార్మసీ కొత్త విద్యార్థుల సభలో ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలందరికీ నమస్కారం. పేరుపేరునా చెప్పబోతే నాకిచ్చిన అరగంటా అక్కడే అయిపోతుంది, మన్నించాలి.

ఫార్మకాలజీ, అంటే మందుల శాస్త్రం, ఎలా చదవాలో మూడు ముక్కల్లో చెప్పమన్నారు. శరీరం మందును ఏం చేస్తుంది, మందు శరీరాన్ని ఏం చేస్తుంది, మోతాదు లెక్క. మొదటిది తొందరగా తేల్చేస్తాను. ఒకే మోతాదు వేళ తప్పకుండా ఇస్తూ పోతే నాలుగైదు హాఫ్ లైఫ్‌లకు (హాఫ్ లైఫ్ అంటే ఒంట్లో మందు సగానికి తగ్గే కాలం) రక్తంలో మందు మట్టం నిలకడకొస్తుంది. గుండె మందు డిగాక్సిన్‌కు హాఫ్ లైఫ్ ఒకటిన్నర రోజు పైమాటే, కాబట్టి వారం పడుతుంది. కిడ్నీలు చెడితే ఇంకా ఆలస్యం. మిగతాది గ్రాఫు గీసుకుంటే తెలుస్తుంది.

రెండోదాని దగ్గరే నాకు పేచీ. మందుల పేర్లను పొట్టి అక్షరాలతో గొలుసు కట్టి, పాటలా పాడి బట్టీ కొట్టడం అలవాటైపోయింది. పరీక్ష దాటగానే గొలుసు తెగుతుంది. పేర్లు తర్వాత, నాయనా! ముందు రిసెప్టరు పట్టుకోండి, అంటే ఒంట్లో మందు వెళ్లి అతుక్కునే తాళం.

మీలో పొగాకు పండించే ఊళ్ల వాళ్లు చేతులెత్తండి. సగం సభ! తెల్లవారుజామున మంచుకు తడిసిన ఆకు కోసిన కూలీలకు వాంతులు, తల తిరగడం, తలనొప్పి వస్తాయి. ఎండదెబ్బ అనో పైత్యం అనో పొరబడతారు. ఆకులోని నికోటిన్ నీళ్లలో కరిగి చర్మంలోంచి ఒంట్లోకి దిగడమే కారణం. చేతికి గ్లవుజు, తడిసిన బట్టలు మార్చుకోవడం, సబ్బుతో కడుక్కోవడం, అంతే మందు. 1905లో లాంగ్లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఈ నికోటిన్‌తోనే పనిచేశాడు. నరం తెగి చచ్చిపోయాక కూడా కోడి కండరం నికోటిన్‌కు బిగుసుకుంది, కండరాన్ని చచ్చుబరిచే క్యురారి విషం వేస్తే ఆ బిగువు ఆగిపోయింది. అంటే మందు పట్టుకునేది నరాన్ని కాదు, కండరంలోనే ఉన్న ఏదో పదార్థాన్ని. మందుల రిసెప్టర్ అనే ఆలోచనకు వేరు అక్కడుంది. మీ పుస్తకంలో ‘నికోటినిక్’ అన్న పేరు మన చేలోని ఆకుదే.

నరం చివర విడుదలై కబురు మోసే రసాయనం అసిటైల్‌కోలిన్. దానికి రెండు రకాల తాళాలు, అంటే రిసెప్టర్లు. కండరం మీదా గాంగ్లియాలోనూ (నరాల ముడుల్లో) ఉన్నది నికోటినిక్. గుండె, గ్రంథులు, శ్వాసనాళాలు, కనుపాప దగ్గర ఉన్నది మస్కరినిక్. సింపథెటిక్ నరాలు మామూలుగా అవయవాల దగ్గర నోరాడ్రినలిన్ అనే వేరే రసాయనం విడుస్తాయి. చెమట గ్రంథికి వచ్చేది సింపథెటిక్ నరమే అయినా అక్కడ పనిచేసేది అసిటైల్‌కోలిన్. ఈ మెలిక పరీక్షకు ఇష్టం, వార్డుకు అవసరం.

ఎందుకంటే పురుగుమందు కేసు. ఆర్గానోఫాస్ఫేటు అనే రకం పురుగుమందు అసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎంజైమును కట్టేస్తుంది. అసిటైల్‌కోలిన్ పేరుకుంటుంది. చొంగ, చెమట, విరేచనాలు, చిన్న కనుపాప, ఛాతీలో గురగుర, ఇవి మస్కరినిక్. కండరాలు అదరడం, తర్వాత చచ్చుబడటం నికోటినిక్. ముందు బట్టలు విప్పి సబ్బునీళ్లతో కడగాలి, చేసేవాళ్లకు గ్లవుజులుండాలి. ఆపైన మస్కరినిక్ తాళాన్ని మూసే మందు, అట్రోపిన్. ఒక ఆంపుల్‌లో (ఇంజెక్షన్ మందు చిన్న గాజు సీసాలో) 0.6 మిల్లీగ్రాములు. 1.8 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, తగ్గకపోతే అయిదు నిమిషాలకోసారి రెట్టింపు: మూడు ఆంపుల్స్, ఆరు, పన్నెండు. ఎక్కడ ఆపాలి? కనుపాప పెద్దదైందని ఆపకూడదు. ఛాతీ పొడిగా వినపడాలి, నాడి 80 దాటాలి, బీపీ నిలవాలి. గుండె వేగంగా ఉందని అట్రోపిన్ మానేయడం మరో తప్పు. ఆ వేగం గాంగ్లియాలోని నికోటినిక్ వల్లో, ఆక్సిజన్ చాలకో కావచ్చు.

అట్రోపిన్ కండరాన్ని తాకదు, ఇది రెండుసార్లు రాసుకోండి. మస్కరినిక్ తాళానికే అది సరిపోతుంది. అందుకే ప్రాలిడాక్సిమ్ అనే మరో మందు. అది ఎంజైమును విడిపించాలని చూస్తుంది, కానీ ఆ ముడి ముదిరితే విడిపించలేదు, దాని ప్రయోజనం మీద వాదనా ఉంది. ఇస్తే అట్రోపిన్ వెంటే, నిదానంగా ఇవ్వాలి. ఒకటి రెండు రోజులకు రోగి తేరుకున్నాడనుకునే వేళ మెడ కండరాలు బలహీనపడొచ్చు. ప్రతి షిఫ్టులో ‘తల ఎత్తు నాయనా’ అని అడగండి. దిండు మీంచి తల లేవకపోతే వెంటనే డాక్టరును పిలవండి, ఊపిరి ఆగే ప్రమాదం దగ్గర్లోనే ఉంటుంది.

ఇప్పుడు ఉమ్మెత్తకాయ గుర్తు చేసుకోండి. నోరెండిపోవడం, కాలిపోయే ఒళ్లు, పెద్ద కనుపాప, కలవరింత. అందులో ఉన్నదీ అట్రోపిన్ జాతే. మన రోగికి అట్రోపిన్ మితిమీరినా అదే రూపం కడుతుంది, పేగు చప్పుడు ఆగుతుంది, మూత్రం బిగుస్తుంది. పొగాకు, పురుగుమందు, ఉమ్మెత్త ఈ మూడూ ఒకే పట్టికలో కూర్చుంటాయి. అవయవం, రిసెప్టరు, ఫలితం అని మూడు నిలువు గీతలు గీసి ఆదివారం పుస్తకం చూడకుండా నింపండి. ఖాళీగా మిగిలిన గడే మీరు చదవాల్సింది.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, లెక్కకు రెండు నిమిషాలివ్వండి. మూడు, ఆరు, పన్నెండు కలిపి 21 ఆంపుల్స్, అంటే 12.6 మిల్లీగ్రాములు. ఆ మొత్తంలో పదో వంతు గంటకు ఇమ్మని డాక్టరు రాశారు. ఆంపుల్ ఒక మిల్లీలీటరు. సెల్లు తియ్యకండి, కాగితం మీద చెయ్యండి.

1.26 మిల్లీగ్రాములు, 2.1 మిల్లీలీటర్లు. వెనక వరసలో 21 అని వినపడింది. ఆ అమ్మాయి సభ అయ్యాక నా దగ్గరికి రావాలి, చుక్క ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం.