మా నాయన మీద ప్రయోగం చేస్తారా సార్? (గుండె జబ్బుల మీద ఫోన్-ఇన్, పూర్తి పాఠం)

ఆదివారం పొద్దున మా నెల్లూరు సైడ్ వచ్చిన ఫోన్-ఇన్ ఇది. రికార్డు చేసుకోని మళ్ళీ మళ్ళీ విని టైప్ చేశా. ఫోన్ చేసినవాళ్ళ పేర్లు తీసేసి ఊళ్ళు మాత్రం ఉంచా, పాటలు యాడ్లు వదిలేశా. మా ఇంట్లో ఇద్దరికి స్టెంట్లు ఉండాయి, అందుకే ఒక్క ముక్క పోకుండా రాయాలనిపించింది.

యాంకర్: డాక్టర్ గారు వచ్చేశారు, లైన్లు కూడా అప్పుడే నిండిపోయినాయి. హలో, ఎవరండీ?

కాలర్ (కావలి): నమస్తే మేడం, నమస్తే డాక్టర్ గారూ. మా నాయనకి 61 ఏళ్ళు సార్, పోయిన నెల్లో హార్ట్ ఎటాక్ వస్తే స్టెంట్ వేసినారు, ఇప్పుడు బానే ఉండాడు. మొన్న చెకప్‌కి పోతే ఆడ ఒకమ్మాయి ఫైలు తీసుకోనొచ్చి, ఇట్టా ఒక స్టడీ జరగతా ఉండాది, స్టెంట్ వేసినాక రెండు రకాల బ్లడ్ థిన్నర్ మాత్రలు ఎన్ని నెలలు వాడితే చాలో చూస్తుండారు, మీ నాయన చేరతాడా అని అడిగింది. కొంతమందికి తక్కువ నెలలంట కొంతమందికి సంవత్సరమంట, ఎవరికి ఏదో కంప్యూటర్ తేలుస్తుందంట. మా అమ్మ ఇంటికొచ్చినకాడ్నించి ఒకటే ఏడుపు సార్, మీ నాయన్ని ఎలకని చేస్తుండారు, ప్రయోగాలు చేస్తుండారు అని. సంతకం పెట్టమంటారా వద్దంటారా?

డాక్టర్: అమ్మ భయపడిందంటే తప్పేం లేదు నాయనా, ఎవురైనా భయపడతారు. నేనొకటి అడుగుతా చెప్పు, నొప్పొచ్చిన రోజు మీ నాయన్ని ఆస్పత్రికి తీసకపోతే మొదట ఏం ఇచ్చినారు?

కాలర్ (కావలి): ఏవో నాలుగైదు మాత్రలు సార్, ఒకటి నమలమన్నారు.

డాక్టర్: ఆ నమలమన్నదే ఆస్పిరిన్. తలనొప్పికి వేసుకునే పాత మాత్ర అది. గుండెపోటులో ప్రాణం కాపాడుతుందని మనకెట్టా తెలిసింది? 1988లో ఐసిస్-2 అని ఒక స్టడీ బయటికొచ్చింది, 16 దేశాలు, 417 ఆస్పత్రులు, 17,187 మంది పేషెంట్లు. అందర్నీ నాలుగు గుంపులు చేసినారు. ఒక గుంపుకి ఆస్పిరిన్, ఒక గుంపుకి గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ ఇంజెక్షన్, ఒక గుంపుకి రెండూ, ఒక గుంపుకి రెండూ లేవు, అంటే మందు లేని ఉత్తుత్తివి. ఐదు వారాలకి చూస్తే ఏమీ ఇయ్యని వాళ్ళలో నూటికి 13 మంది గుండె, రక్తనాళాల జబ్బుతో పోయినారు, రెండూ ఇచ్చినవాళ్ళలో 8 మంది. నూటికి ఐదు ప్రాణాలు. ఆ 17 వేల మంది ఇళ్ళల్లో కూడా మీ అమ్మ లాగా ఏడ్చినోళ్ళు ఉండుంటారు కదా, వాళ్ళు సరేనని సంతకం పెట్టబట్టి మీ నాయన నోట్లో ఆ మాత్ర పడింది.

కాలర్ (కావలి): అది సరే సార్, మరి ఆ కంప్యూటర్ తేల్చేదేంది? పేషెంటుని చూసి ఏది మంచిదో డాక్టరే చెప్పాల గదా.

డాక్టర్: మంచి మాట అడిగినావు. డాక్టర్‌కి వదిలేస్తే ఏం చేస్తాడంటే, తెలిసి చేయడు, కానీ గట్టిగా ఉండేవాళ్ళకి ఒక మందు, నీరసంగా ఉండేవాళ్ళకి ఇంకో మందు రాస్తాడు, తర్వాత గట్టివాళ్ళు బాగుపడితే మందు గొప్ప అనుకుంటాడు. బొమ్మా బొరుసా వేసినట్టు పంచితేనే రెండు పక్కలా ఒకే రకం మనుషులు ఉంటారు, అప్పుడు తేడా వచ్చిందంటే అది మందు తేడానే. ఇంకోటి, ఇది ఎప్పుడు చేస్తారంటే ఏది మేలో నిజంగా ఎవురికీ తెలియనప్పుడే. తెలిసి కూడా లాటరీ వేస్తే అది పాపం, స్టడీ న్యాయంగా ఉందా లేదా అని చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోదు.

మా గురువుగార్లు గట్టిగా నమ్మిన మాట ఒకటి చెప్తా వినండి. గుండెపోటు వచ్చినాక కొంతమందికి గుండె లయ తప్పి కొట్టుకుంటది, అట్టాంటివాళ్ళు హఠాత్తుగా పోతుంటారు. కాబట్టి లయ సరిచేసే మాత్ర ఇస్తే బతుకుతారు అనుకున్నారు, వినడానికి ఎంత బాగుందో చూడండి, లోకమంతా రాసినారు ఆ మాత్రలు. తర్వాత కాస్ట్ అని అమెరికాలో స్టడీ పెట్టి 1,498 మందిని రెండుగా పంచితే మాత్ర వేసుకున్న వైపు 63 మంది పోయినారు, ఉత్తుత్తి మాత్ర వైపు 26. ఈసీజీలో లయ బాగుపడింది, మనిషి పోయినాడు. 1989లో ఆ మాత్రల భాగం మధ్యలోనే ఆపేసినారు. ఆ లాటరీ వేయకపోయుంటే ఈ రోజుకీ మేం అవే రాస్తుండేవాళ్ళం, నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ వళ్ళు జలదరిస్తది.

యాంకర్: అంటే డాక్టర్ గారూ, సంతకం పెట్టమంటున్నారా?

డాక్టర్: పెట్టమనీ చెప్పను, వద్దనీ చెప్పను. అడగాల్సినవి అడిగి పెట్టమంటా. తెలుగులో రాసిన కాగితం ఇయ్యమను, ఇంటికి తెచ్చుకోని అమ్మకి చదివి వినిపించు, తొందరేం లేదు. మన దేశంలో ఇట్టాంటి స్టడీలు సీటీఆర్ఐ అని ప్రభుత్వం రిజిస్ట్రీలో ముందే నమోదు చెయ్యాల, మందుల ట్రయల్స్‌కి 2009 నుంచి అది తప్పనిసరి. ఆ నంబర్ అడుగు, నెట్‌లో ఎవురైనా చూసుకోవచ్చు. ట్రయల్ వల్ల ఏదన్నా అయితే వైద్యం ఎవురు చేయిస్తారు, నష్టపరిహారం ఎవురిస్తారు అని అడుగు, 2019 రూల్స్‌లో అవన్నీ ఉండాయి. ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబర్ కూడా ఆ కాగితం మీద ఉండాల. ఇవి అడిగినందుకు విసుక్కున్నారంటే చేరబాకండి.

యాంకర్: నెక్స్ట్ ఒంగోలు నుంచి లైన్లో ఉన్నారు, చెప్పండి మాస్టారూ.

కాలర్ (ఒంగోలు): రిటైర్డ్ టీచర్నండీ, 66. మెట్లెక్కితే కొంచెం పట్టేసినట్టు ఉంటే టెస్టులు చేయించారు, యాంజియోలో ఒక నాళం 70 శాతం బ్లాక్ అన్నారు. రెండ్రోజుల్లో స్టెంట్ వేయించకపోతే గుండెలో బాంబు పెట్టుకోని తిరుగుతున్నట్టే అన్నారండీ. మా అల్లుడేమో మాత్రలతో చూద్దాం అంటాడు. రాత్రుళ్ళు నిద్ర పట్టట్లా.

డాక్టర్: కూర్చోనుంటే నొప్పి వస్తుందా మాస్టారూ? ఈ మధ్య ఎక్కువైందా?

కాలర్ (ఒంగోలు): లేదండీ, ఆరు నెలల్నించి అట్టానే, ఆగితే రెండు నిమిషాల్లో పోతది.

డాక్టర్: గుండె పంపింగ్ ఎంతన్నారు? మెయిన్ నాళంలో ఉందన్నారా బ్లాకు?

కాలర్ (ఒంగోలు): పంపింగ్ 60 అండీ. మెయిన్‌లో కాదు, కుడిపక్క నాళం అన్నారు.

డాక్టర్: సినిమా చూడకుండా, అదే, యాంజియో సీడీ చూడకుండా తీర్పు చెప్పను, కానీ మీ నిద్ర కోసం ఒక సంగతి చెప్తా. ఇస్కీమియా అని స్టడీ, 2020లో అచ్చయింది, 37 దేశాల్లో 5,179 మంది, మన ఇండియా వాళ్ళు కూడా ఉండారు అందులో. అందరూ మీలాగా నిలకడగా ఉండే గుండెజబ్బు వాళ్ళే. సగం మందికి మాత్రలతో పాటు ముందే యాంజియో చేసి స్టెంటో బైపాసో చేసినారు, సగం మందికి మంచి మాత్రలిచ్చి, అవసరం పడితేనే చేద్దాం అన్నారు. మూడేళ్ళ పైన చూసినారు. స్టెంట్ల వైపు ఎంతమంది పోయినారో తెలుసా, 145. మాత్రల వైపు 144.

కాలర్ (ఒంగోలు): ఒకటే తేడానా?

డాక్టర్: అంతే. నొప్పి ఎక్కువగా వచ్చేవాళ్ళకి మాత్రం స్టెంట్ల వైపు నొప్పి బాగా తగ్గింది, అది నిజం, దాన్ని తక్కువ చెయ్యకూడదు. మాత్రలు వాడినా నడవలేకపోతున్నా అంటే స్టెంట్ వేయించుకోండి, హాయిగా నడవడానికి. బాంబు అని భయపడి మాత్రం వద్దు. కానీ ఇంకోమాట, అందరూ వినండి, ఈ లెక్క కొత్తగా ఎటాక్ వచ్చినవాళ్ళకి కాదు, మెయిన్ నాళంలో బ్లాకు ఉన్నవాళ్ళకి కాదు, పంపింగ్ బాగా పడిపోయినవాళ్ళకి కాదు, వాళ్ళని ఆ స్టడీలో అసలు చేర్చుకోలా. ఎటాక్ నడుస్తా ఉంటే స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. మాస్టారూ, సీడీ తీసుకోని ఇంకో డాక్టర్‌కి చూపించండి, అది మీ హక్కు.

యాంకర్: ఉదయగిరి నుంచి ఒకమ్మ, చెప్పమ్మా.

కాలర్ (ఉదయగిరి): అయ్యా నాకు రెండేళ్ళ కిందట స్టెంట్ వేసినారు. కొలెస్ట్రాల్ మాత్ర ఏసుకుంటే కాళ్ళు పీకతా ఉండాయని మానేసినా మూడు నెల్లయింది. మా చిన్నకోడలు ఫోన్లో ఏదో చూపించింది, ఆ మాత్ర విషం అని.

డాక్టర్: అమ్మా అది మానకూడదమ్మా. 1994లో 4,444 మంది మీద ఒక స్టడీ వచ్చింది, అందరూ గుండెజబ్బు ఉన్నవాళ్ళే, ఆ రకం మాత్ర వేసుకున్నవాళ్ళలో చావులు 30 శాతం తగ్గినాయి. కాళ్ళు పీకేది అబద్ధం అన్లా నేను, నీ నొప్పి నిజమే. లండన్‌లో అచ్చం నీలాగా నొప్పులని మానేసిన 60 మందిని తీసుకోని 12 డబ్బాలిచ్చినారు, నెలకొకటి. నాలుగింట్లో అసలు మాత్ర, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్ర, నాలుగు ఖాళీవి. ఏ నొప్పి ఎంతుందో రోజూ మార్కులు వేయమన్నారు. ఖాళీ డబ్బా నెల 8 మార్కులు, అసలు మాత్ర నెల 16, ఉత్తుత్తి మాత్ర నెల 15. చూసినావా, మాత్ర వేసుకుంటున్నా అనే దిగులుకే ముప్పావు వంతు పైగా నొప్పి వచ్చేస్తుంది. ఈ సంగతి వాళ్ళకి చూపించినాక సగం మంది మళ్ళీ మొదలుపెట్టినారు. నువ్వు రేపే మీ డాక్టర్ దగ్గరికి పో, సీపీకే అని రక్తపరీక్ష రాస్తాడు, డోసు తగ్గిస్తాడో వేరే రకం మాత్రకి మారుస్తాడో, కానీ ఊరికే ఉండబాక.

కాలర్ (ఉదయగిరి): ఆస్పిరిన్ మాత్రం మానల్లేదులేయ్యా. మా ఆయనక్కూడా ఒకటి ఇస్తుండా రోజూ, ముందు జాగ్రత్తగా.

డాక్టర్: ఆయనకి ఏం జబ్బుందమ్మా?

కాలర్ (ఉదయగిరి): ఏం లేదు. 74 ఏళ్ళు, పొలం పోతాడు.

డాక్టర్: అయితే ఆపేయ్. ఏ జబ్బూ లేని పెద్దవాళ్ళు 19 వేల మంది మీద చూసినారు, 2018లో, గుండెకి ఉపయోగం లేదు, రక్తస్రావం ఎక్కువైంది. ఆ మాత్ర నీకు, ఆయనకి కాదు.

యాంకర్: టంగుటూరు నుంచి... హలో, హలో? మాట్లాడండమ్మా.

కాలర్ (టంగుటూరు): (కాసేపు మాట రాలేదు) డాక్టర్ గారూ, నాకు మందు గురించి కాదండీ. మా తమ్ముడు, 46 ఏళ్ళు, పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి డ్యూటీ. జనవరిలో ఒకరోజు రాత్రి పదింటప్పుడు ఛాతీలో మంటగా ఉంది అన్నాడు, చెమటలు పోసినాయి. గ్యాసేమో అని సోడా తాగించినాం, ఊళ్ళో ఇంజెక్షన్ వేయించినాం, కొంచెం తగ్గింది అన్నాడు పడుకున్నాడు. తెల్లారి నాలుగింటికి మళ్ళీ వస్తే కారు మాట్లాడుకోని పెద్దాసుపత్రికి పోతే ఆడ మిషను ఖాళీ లేదని ఇంకోచోటికి పంపినారు. దార్లోనే... అప్పుడే పోయుంటే బతికేవాడా అండీ? ఆ ఒక్కటీ చెప్పండి.

డాక్టర్: అమ్మా... బతికేవాడని నేను చెప్పలేను, చెప్తే అబద్ధమవుద్ది. ముందుగా వచ్చుంటే అవకాశం ఎక్కువుండేది, అదీ నిజమే. కానీ మీరొక్కళ్ళే అట్టా చెయ్యలేదమ్మా. మన దేశంలో 20,468 మంది గుండెపోటు పేషెంట్ల లెక్క తీసినారు, క్రియేట్ అని, 2008లో వచ్చింది. నొప్పి మొదలైనకాడ్నించి ఆస్పత్రి గుమ్మం తొక్కేదాకా సగం మందికి 360 నిమిషాలు దాటిపోయింది. ఆరు గంటలు. మీ ఇంట్లో జరిగిందే దేశమంతా జరగతా ఉంది. ఇంకోటి చెప్తా, డబ్బున్నవాళ్ళలో నెల లోపల నూటికి ఐదున్నర మంది పోతే పేదవాళ్ళలో 8 మంది పైన పోయినారు, ఎందుకని చూస్తే జబ్బులో తేడా కాదు, అందిన వైద్యంలో తేడా.

కాలర్ (టంగుటూరు): వాడికి షుగర్ కూడా లేదండీ. చుట్ట ఉండేది.

డాక్టర్: పొగే చాలమ్మా. 52 దేశాల్లో ఇంటర్‌హార్ట్ అని చూసినారు, మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి ఎటాక్ మిగతా వాళ్ళకన్నా ఐదారేళ్ళు ముందే వస్తుంది, సగటున 53 దగ్గర. అందుకే 46 ఏళ్ళ మనిషి ఛాతీ పట్టుకుంటే గ్యాస్ అనుకోకూడదు.

వినేవాళ్ళందరికీ చెప్తుండా. ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్ల చెమట, పదిహేను నిమిషాలు దాటిందంటే 108కి కొట్టండి. నెల్లూరు వాళ్ళకి ఒక అలవాటు ఉండాది, నేరుగా మద్రాసు పోదాం అంటారు, మూడు గంటల దారి, ఆ మూడు గంటల్లో గుండె కండ చచ్చిపోతా ఉంటుంది. ముందు దగ్గర్లో ఈసీజీ తీసి గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇయ్యగలిగే చోటికి పోండి, అది అయినాక ఎక్కడికైనా పోండి. ఆ తమిళనాడులోనే ఒక స్టడీ చేసినారు, 2,420 మంది, చిన్న ఆస్పత్రుల్ని పెద్ద ఆస్పత్రులతో కలిపి, ఆడ ఇంజెక్షన్ ఇచ్చి ఈడికి పంపేటట్టు ఏర్పాటు చేసినారు. సంవత్సరంలో చనిపోయేవాళ్ళు నూటికి 17న్నర నుంచి 14కి తగ్గినారు. కొత్త మందేం లేదు అందులో, దారి సరిచేసినారు అంతే.

కాలర్ (టంగుటూరు): మా తమ్ముడి కొడుకుండాడు, 22. వాడు కూడా కాలుస్తాడండీ.

డాక్టర్: వాణ్ణి నా దగ్గరికి పంపమ్మా. కొలెస్ట్రాల్, బీపీ, షుగర్ చూస్తా. ఫీజు వద్దు.

(ఇక్కడ యాంకర్ కూడా కాసేపు ఏమీ మాట్లాడలా. ఆ పది సెకన్ల నిశ్శబ్దం నాకింకా చెవుల్లో ఉండాది.)

యాంకర్: రెండు నిమిషాలే ఉంది. ఇందాక కావలి నుంచి మాట్లాడినాయనే మళ్ళీ లైన్లోకొచ్చారు.

కాలర్ (కావలి): సార్, మా అమ్మ పక్కనే కూర్చోని వింటా ఉండాది. ఆమె ఒకటి అడగమంటా ఉంది. సంతకం పెట్టినాక మధ్యలో వద్దనిపిస్తే మానుకోవచ్చా? మానుకుంటే ఆ ఆస్పత్రిలో మళ్ళీ చూస్తారా మా నాయన్ని?

డాక్టర్: ఎప్పుడైనా మానుకోవచ్చమ్మా, కారణం కూడా చెప్పక్కర్లా. మామూలుగా చేసే వైద్యం చెయ్యాల్సిందే, అది ఆ కాగితంలోనే రాసుంటుంది, చదివించుకో. కానీ స్టడీ మానుకున్నా మాత్రలు మాత్రం సొంతంగా ఆపబాకండి, స్టెంట్ కొత్తది, గడ్డ కడుతుంది. డాక్టర్‌ని అడిగి ఆయన చెప్పినట్టే.

కాలర్ (కావలి): ఆ... సరే సార్. మా అమ్మ ఆ కాగితం ముందు తీసకరమ్మంటా ఉండాది.