సుబోతిత్సా నాటకశాల: కూల్చింది కనబడుతోంది, గీసింది కనబడదు

వ్యాఖ్యాత: నమస్కారం. సెర్బియా ఉత్తరాన, హంగేరీ సరిహద్దుకు దగ్గరలో సుబోతిత్సా అనే నగరం ఉంది. అక్కడి హంగేరియన్లు దాన్ని సబద్కా అంటారు. 1854లో కట్టిన నాటకశాలను 2007లో కూల్చారు. దాని స్థానంలో రావలసిన కొత్త భవనం పదేళ్లకు పైగా పూర్తికాకుండా ఉండిపోయింది. కూల్చడం సబబేనా? ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ముందుగా ఆర్కిటెక్ట్ గారు.

ఆర్కిటెక్ట్: ఆవేశం లేకుండా చూద్దాం. అది ఒట్టి నాటకశాల కాదు. హోటలూ, నృత్యశాలా కలిపి కట్టిన భవనం. 1915లో మంటల్లో నాటకశాల కాలిపోతే 1920లలో మళ్లీ కట్టుకున్నారు. ఈనాటి ప్రదర్శనకు వేదిక పైన చాలా ఎత్తు కావాలి, దృశ్యపటాలు తాళ్లతో పైకి లేవాలి. పాత గోడల మధ్య అంత ఎత్తు...

దర్శకుడు: కావాలంటే గోడల వెనుక కట్టవచ్చు కదండీ!

ఆర్కిటెక్ట్: నన్ను పూర్తి చేయనివ్వండి.

దర్శకుడు: పూర్తి చేయండి, కాని ఒక్క మాట. అది రక్షిత కట్టడం. నిపుణులూ, పౌరులూ వద్దన్నారు. అయినా కూల్చారు. మిగిలినవి ముందున్న స్తంభాలు, అంతే. ఆరు స్తంభాల మీద నాటకం ఆడగలమా?

వ్యాఖ్యాత: నా అసలు ప్రశ్న భాష గురించి. కొత్త వేదిక మీద హంగేరియన్‌కు వాటా ఎంత? కొత్త భవనం డిజైన్‌లో భాషకు చోటు ఎక్కడ ఉంది?

అధ్యాపకురాలు: దీనికి చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత, 1920 ట్రియనాన్ ఒప్పందంతో ఆ ప్రాంతం హంగేరీ నుంచి వేరుపడింది. అక్కడే ఉండిపోయిన హంగేరియన్లు అల్పసంఖ్యాకులయ్యారు. నేటికీ నగర జనాభాలో వారు దాదాపు మూడో వంతు. 1945లో అక్కడ హంగేరియన్ నాటక బృందం ఏర్పడింది. ఆ సంస్థ పేరును నేటికీ సెర్బియన్, క్రొయేషియన్, హంగేరియన్ భాషల్లో రాస్తారు. 1985 తర్వాత నాటక దర్శకుడు ల్యుబిషా రిస్టిచ్ నాయకత్వంలో...

దర్శకుడు: మేడమ్, రిస్టిచ్ దాకా వెళ్తే రాత్రంతా సరిపోదు. భవనం గురించి మాట్లాడదాం.

అధ్యాపకురాలు: భవనమూ భాషా వేరు కావు, సార్. బహుభాషా ప్రయోగాల పేరుతో తమ నాటకాన్ని పక్కకు నెట్టారని హంగేరియన్ ప్రేక్షకులు బాధపడ్డారు. ఆ నేపథ్యంలోనే...

వ్యాఖ్యాత: అదే నేను అడుగుతున్నది! వేదిక ఎవరి భాషది?

దర్శకుడు: వేదికే లేనప్పుడు భాష ఎక్కడ నిలబడుతుంది? మీరు మూడుసార్లు అడిగినా నా జవాబు అదే. ఏళ్ల తరబడి ఆ బృందాలు యాద్రాన్ అనే చిన్న వేదిక మీద సర్దుకున్నాయి. నాటక బృందానికి ఇల్లు కావాలి. నటులు చేరే చోటు, దుస్తులు దాచే గది, పిల్లవాడు మొదటిసారి తాత చెయ్యి పట్టుకుని వెళ్లే తలుపు. ఆ తలుపును తీసేసి చేతికి డిజైన్ కాగితం ఇచ్చారు. పెద్ద జాతికి ఇంకో పది నాటకశాలలు ఉంటాయి. చిన్న సమూహానికి అది ఒకటే.

(ముగ్గురూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

ఆర్కిటెక్ట్: ఒకటే అన్నది సరికాదు! సెర్బియాలోనే నోవీ సాద్ నగరంలోనూ హంగేరియన్ నాటకశాల ఉంది. పైగా కొత్తది కట్టడమే తప్పయితే లెండవా సంగతి ఏమిటి? స్లొవేనియాలో, హంగేరియన్ అల్పసంఖ్యాకులున్న ఊళ్లో, హంగేరియన్ ఆర్కిటెక్ట్ ఇమ్రే మకోవెట్స్ డిజైన్‌తో నాటకశాల 2004లో పూర్తయింది. ఎంత అందమైన భవనం!

వ్యాఖ్యాత: మకోవెట్స్ గురించి కొంచెం చెబుతారా? ప్రేక్షకులకు ఆసక్తి ఉంటుంది.

ఆర్కిటెక్ట్: ఆయన భవనాలు చెట్టులా, పక్షిలా, పక్కటెముకల్లా ఉంటాయి. హంగేరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఫార్కాష్‌రేట్ శ్మశానంలోని మందిరం లోపలికి వెళ్తే మనిషి ఛాతీలోకి అడుగుపెట్టినట్టుంటుంది.

దర్శకుడు: అద్భుతం, ఒప్పుకుంటాను. కాని దాన్ని కట్టారు! మనం మాట్లాడుతున్నది కట్టనిదాని గురించి. బుడాపెస్ట్ అంటున్నారు కాబట్టి చెబుతాను. అక్కడి జాతీయ నాటకశాలకు ఫెరెంట్స్ బాన్ డిజైన్ గెలిచింది, నేల తవ్వారు, 1998లో ప్రభుత్వం మారగానే ఆపేశారు. నగరం నడిబొడ్డున గొయ్యి మిగిలింది. 2002లో వేరే చోట, వేరే డిజైన్‌తో కట్టారు. రాజధానికి రెండో అవకాశం వచ్చింది. సబద్కాకు ఎవరిస్తారు?

అధ్యాపకురాలు: సబద్కాలోనే సినగాగ్, అంటే యూదుల ప్రార్థనా మందిరం, చాలాకాలం శిథిలంగా ఉండి, మరమ్మతు తర్వాత 2018లో తెరుచుకుంది. పాతదాన్ని బాగుచేసే చేతులు అక్కడే ఉన్నాయన్న మాట. ఈ విషయాన్ని నేను...

వ్యాఖ్యాత: మేడమ్, క్షమించండి, సమయం తక్కువ. భాష వాటా గురించి ఒక్క వాక్యం, ఆర్కిటెక్ట్ గారూ?

ఆర్కిటెక్ట్: డిజైన్ భాషను నిర్ణయించదు. నడిపేవాళ్లు నిర్ణయిస్తారు. కూల్చకపోతే ఆ భవనం ఎప్పటికీ...

దర్శకుడు: కొత్తది నిలబడేదాకా పాతదాని మీద చెయ్యి వేయకూడదు. అంతే!

ఆర్కిటెక్ట్: ఒకే స్థలంలో అది ఎలా సాధ్యం? చెప్పండి!

దర్శకుడు: పక్కన కట్టండి, వెనుక కట్టండి, విడతలుగా కట్టండి. కాని తలుపు మూయకండి. ఆ ఊరి ప్రేక్షకులను నేను...

వ్యాఖ్యాత: సార్, సమయం అయిపోయింది.

దర్శకుడు: ఒక్క నిమిషం...

వ్యాఖ్యాత: సరే, మీదే చివరి మాట.

దర్శకుడు: 2007లో బడిలో చేరిన హంగేరియన్ పిల్లలు పెద్దవాళ్లయ్యారు. తమ ఊరి పెద్ద వేదికను వాళ్లు చూడకుండానే పెరిగారు. దానికి జవాబుదారీ ఎవరో...

(సంగీతం)