మీ అభిమాన గాయకుణ్ణి మీకిచ్చింది మీ 14వ ఏడు!

ఆగండి, ఇవాళ ఈ గొడవ తేల్చేద్దాం. బీటిల్సా, మైకేల్ జాక్సనా, టేలర్ స్విఫ్టా అని పోయిన వీడియో కింద మీరు కొట్టుకున్న కొట్టుడు అంతా ఇంతా కాదు. "మా కాలంలోదే సంగీతం, ఇప్పుడొచ్చేదంతా రొద" అని ఒకాయన, "అవన్నీ ముసలాళ్ల పాటలు" అని ఇంకొకరు. ఇద్దరూ వినండి: ఆ పాట మీ చెవిన పడేసరికి మీకు పద్నాలుగేళ్లు. అందుకే అది గొప్పది!

2018లో సేథ్ స్టీఫెన్స్ డేవిడోవిట్జ్ అనే పరిశోధకుడు స్పాటిఫై లెక్కలు తీశాడు. పెద్దయ్యాక ఏం వింటామో తేల్చడంలో మగవాళ్లకి 14వ ఏడు, ఆడవాళ్లకి 13వ ఏడు అన్నిటికంటే ముఖ్యమని తేలింది. రేడియోహెడ్ అనే ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ పాట 'క్రీప్' చూడండి, అది హిట్టయినప్పుడు పద్నాలుగుకి అటూ ఇటూగా ఉండి, ఆ లెక్కలు తీసేనాటికి 38 ఏళ్లున్న మగవాళ్లలో దానిది 164వ స్థానం, వాళ్లకంటే పదేళ్లు పెద్దవాళ్లలో, పదేళ్లు చిన్నవాళ్లలో మొదటి 300లో కూడా లేదు. అదే పాట, అదే గొంతు!

1989లో హోల్‌బ్రూక్, షిండ్లర్ అనే పరిశోధకులు మనకి బాగా నచ్చేవి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలే అన్నారు కదా అంటారా? వాళ్లు 108 మందికి పాటల ముక్కలు వినిపించి మార్కులు వేయించారు. ఎదురుగా మనిషిని పెట్టుకుని వేసే మార్కులు వేరు, అర్ధరాత్రి ఒక్కడివే పెట్టుకునే పాట వేరు. నేను రెండోదాన్నే నమ్ముతా.

ఇంకా ఒప్పుకోరా? 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో పాడితే 7 కోట్ల 30 లక్షల మంది చూశారు. పిల్లలతో పాటు అదే గదిలో తల్లిదండ్రులూ చూశారుగా, మరి వాళ్లది బీటిల్స్ తరం ఎందుకు కాలేదు? ఎందుకంటే వాళ్ల మనసులో పాటల చోటు అప్పటికే నిండిపోయింది!

నా లెక్క ఒకటుంది, నచ్చకపోతే తిట్టండి. ఇంట్లో వాళ్లు పెట్టింది కాకుండా, మనకి మనమే తలుపేసుకుని వినడం మొదలుపెట్టేది ఆ వయసులోనే. 1954లో జేబు ట్రాన్సిస్టర్ రేడియో వచ్చింది, 1979లో వాక్‌మన్ అనే చిన్న క్యాసెట్ ప్లేయర్ వచ్చింది, రెండూ పిల్లల చేతికి ఆ ఏకాంతాన్నే ఇచ్చాయి. మైకేల్ జాక్సన్ ఆల్బమ్ 'థ్రిల్లర్' 1982 చివర్లో వచ్చేసరికి చెవికి హెడ్‌ఫోన్లు తగిలించుకుని తిరిగే పిల్లలు సిద్ధంగా ఉన్నారు, అందుకే జాక్సన్ వాళ్ల సొంతమైపోయాడు.

మీకు 14 నిండిన సంవత్సరం ఒక్కటే కామెంట్లో పెట్టండి, పాటగాడి పేరు రాయకండి. ఎవరో నేను చెప్తా.