మీ తర్వాత ఇంట్లోవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరగకుండా: ఒక నోటుబుక్కు, ఒక వీలునామా

నమస్కారమండీ. ఈ వీడియో చూసే ముందు ఒక నోటుబుక్కు, పెన్ను తెచ్చుకుని కూర్చోండి. నేను చెబుతూ ఉంటాను, మీరు రాస్తూ ఉండండి.

మా నాన్నగారు పోయినప్పుడు పెద్దకర్మ అయిన మర్నాడు మేం ముగ్గురు పిల్లలం ఆయన ట్రంకుపెట్టె తెరిచాం. పాస్‌బుక్కులు, ఎల్‌ఐసీ రసీదులు, రబ్బరుబ్యాండు వేసిన ప్రామిసరీ నోట్లు, పొలం దస్తావేజు నకలు, అన్నీ ఉన్నాయి. ఆయన ఏదీ పారేసే మనిషి కాదు. కానీ ఏ ఖాతా నడుస్తోంది, ఏ పాలసీ డబ్బు అప్పటికే వచ్చేసింది, ఏ నోటు బాకీ తీరింది, ఇదంతా ఆయన తలలోనే ఉండిపోయింది. ఒక డిపాజిట్‌కు నామినీగా మా నాయనమ్మ పేరు ఉంది. ఆవిడ పోయి అప్పటికే ఎన్నో ఏళ్లయింది. ఆ ఒక్క డిపాజిట్ కోసం మా అమ్మ ఎన్నిసార్లు ఆటో ఎక్కిందో, సంతకాలకు వేలు వణుకుతుంటే ఎంతసేపు కౌంటర్ దగ్గర నిలబడిందో నాకు తెలుసు. ఈ వీడియో చేస్తున్నది అందుకే.

సరే, నోటుబుక్కు తెరవండి. ఒక్కో ఆస్తికి ఒక్కో పేజీ. బ్యాంకు పేరు, బ్రాంచి, ఖాతా నంబరులో చివరి నాలుగు అంకెలు, నామినీ ఎవరు, కాగితం ఇంట్లో ఎక్కడుంది. పిన్ నంబర్లు, పాస్‌వర్డ్‌లు ఇందులో రాయొద్దు. పొలానికైతే సర్వే నంబరు, విస్తీర్ణం, పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో రాయండి. ఆ తర్వాత అప్పుల పేజీ. మనం ఇవ్వాల్సినవి, మనకు రావాల్సినవి, పాడిన చీటీ, కుదువపెట్టిన బంగారం, అన్నీ. ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది కదా, అందుకని తేదీ తప్పకుండా వేయండి. మా నాన్నగారి నోట్లలో సగం అలాగే పనికిరాకుండా పోయాయి.

ఇప్పుడు ఆధార్, పాస్‌బుక్కు, దస్తావేజు మూడూ పక్కపక్కన పెట్టి పేరు చూడండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాస్‌బుక్కులో ఒక్క అక్షరమే ఉంటుంది, దస్తావేజులో ఇంకోలా ఉంటుంది. మనిషి ఉన్నప్పుడు దాన్ని సరిచేయించడం ఒక దరఖాస్తుతో అయ్యే పని. పోయాక మాత్రం ఆ ఇద్దరూ ఒకరేనని పిల్లలు అఫిడవిట్లతో రుజువు చేసుకుంటూ కూర్చోవాలి.

నామినీల సంగతికి వద్దాం. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు, ఎవరికి ఎంత శాతమో కూడా రాయొచ్చు. వెళ్లి మార్పించుకోండి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. నామినీ అంటే వారసుడు కాదు. బ్యాంకు ఆ డబ్బును నామినీ చేతికి ఇస్తుంది, అంతవరకే. అది చివరికి ఎవరికి చెందాలో వీలునామా చెబుతుంది, వీలునామా లేకపోతే వారసత్వ చట్టం చెబుతుంది. షేర్ల విషయంలోనూ ఇంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులనో, భార్యనో, భర్తనో, పిల్లలనో నామినీగా పెడితే సాధారణంగా ఆ సొమ్ము వాళ్లదే అవుతుంది.

వీలునామా లేకపోతే ఏమవుతుందో చెబుతాను, ఇది కాస్త జాగ్రత్తగా వినండి. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మగవాడి స్వార్జితం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, తల్లికి సమానంగా వెళ్తుంది. తల్లికి కూడా అన్నాను, గమనించారా? భార్య, ఒక కొడుకు, ఒక కూతురు, తల్లి ఉంటే నాలుగు వాటాలు. ఆ పెద్దావిడ పోతే ఆవిడ వాటాలో ఆవిడ మిగతా పిల్లలు కూడా హక్కుదారులవుతారు. అంటే అన్నదమ్ములు, ఆడపడుచులు అందరూ సంతకాలు పెడితే తప్ప ఆ ఇల్లు అమ్మలేరు. ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేకపోయినా మనస్పర్ధలు ఇక్కడే మొదలవుతాయి.

ఇక అక్కాచెల్లెళ్లారా, మీకు ప్రత్యేకంగా చెప్పాలి. ఇదే చట్టం ప్రకారం, సంతానం లేని స్త్రీ భర్త కూడా పోయాక వీలునామా రాయకుండా కన్నుమూస్తే, ఆమె ఉద్యోగం చేసి సంపాదించుకున్నది ముందుగా భర్త తరఫు వారసులకు వెళ్తుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. చట్టం ఇప్పటికీ ఇలాగే ఉంది. నాకైతే ఇది ఏమాత్రం న్యాయంగా అనిపించదు. కానీ ఒక్క కాగితం రాసుకుంటే మీ కష్టార్జితం మీరు అనుకున్నవాళ్లకే చేరుతుంది. అందుకే పెళ్లయినా కాకపోయినా, సంపాదన ఉన్న ప్రతి ఆడపిల్లా వీలునామా రాసుకోవాలంటాను.

రాయడం ఎలా? తెల్లకాగితం చాలు, స్టాంపు పేపరు అక్కర్లేదు. తెలుగులో రాయొచ్చు, చేత్తో రాయొచ్చు. మీరు సంతకం పెడుతుండగా ఇద్దరు సాక్షులు చూడాలి, మీ ఎదుటే వాళ్లూ సంతకం చేయాలి. సాక్షులు మీకంటే వయసులో చిన్నవాళ్లయితే మంచిది, రేపు కోర్టుకు రావాల్సి వస్తే ఉండాలి కదా. ఆస్తి పొందేవాళ్లను సాక్షిగా పెట్టకండి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించడం తప్పనిసరి కాదు గానీ, నేను మాత్రం చేయించమనే చెబుతాను. పెద్ద వయసువాళ్లయితే ఆ రోజే డాక్టరు దగ్గర స్థిరచిత్తంతో ఉన్నారని సర్టిఫికెట్ తీసుకుంటే ఇంకా మంచిది.

ఈ కాగితం దగ్గరగా చూపిస్తున్నాను, చూడండి. "నా ఇల్లు నా తర్వాత నా భార్యకు, ఆమె తర్వాత పిల్లలకు" అని మామూలుగా రాసేస్తారు. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ ఆవిడకు వైద్యానికి డబ్బు కావలసి వస్తే ఇల్లు అమ్ముకోవచ్చా? ఈ వాక్యంలో జవాబు లేదు. ఇలాంటి మాటల మీద దావాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. అందుకని తేల్చి రాయండి. "నా భార్య సర్వహక్కులతో అనుభవించవచ్చును, అమ్ముకొనవచ్చును" అని గానీ, "జీవితకాలం నివసించుటకు మాత్రమే, విక్రయ హక్కు లేదు" అని గానీ. రెండోది రాసే ముందు ఆవిడ చేతిలో వేరే ఆధారం ఏముందో ఒక్కసారి ఆలోచించండి. ఇంటి నంబరు, నాలుగు హద్దులు దస్తావేజులో ఉన్నట్టే దించండి. పిత్రార్జితంలో మీ వాటా వరకే రాయగలరు. 2005 సవరణ తర్వాత అందులో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కు ఉంది. ముస్లిం కుటుంబాలకు లెక్క వేరు, వీలునామా ద్వారా మామూలుగా మూడో వంతు వరకే ఇవ్వగలరు.

ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరిదే చెల్లుతుంది. కాబట్టి తేదీ వేయండి, పాతవన్నీ రద్దు చేస్తున్నట్టు ఒక వాక్యం రాయండి.

కొందరు వీలునామా ఎందుకులే అని పిల్లల పేరున ఇప్పుడే గిఫ్ట్ డీడ్ చేసేస్తారు. తొందరపడకండి. అది రిజిస్టరైతే ఆస్తి మీ చేయి దాటినట్టే. చేయక తప్పకపోతే, నన్ను చూసుకోవాలనే షరతు అందులో స్పష్టంగా రాయించండి. ఆ షరతు తప్పితే 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం కింద రద్దు కోరే వీలుంటుంది. పిల్లలు అమెరికాలో ఉన్నవాళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోండి. మీరు ఎవరికైనా జీపీఏ, అంటే మీ తరఫున పనులు చేసే అధికార పత్రం, ఇచ్చి ఉంటే, మీరు పోయిన క్షణం నుంచి అది చెల్లదు. వీలునామా పని అది చేయదు.

ఆస్తి ఎక్కువగా ఉన్నా, ఇంట్లో తగాదా ఉన్నా, సంతకం పెట్టే ముందు ఒక వకీలుకు చూపించండి.

రాసిన కాగితం లాకర్లో మాత్రం పెట్టొద్దు. లాకరు తెరవడానికే మళ్లీ కాగితాలు అడుగుతారు. మా అమ్మ నోటుబుక్కు, వీలునామా రెండూ వంటింట్లో పోపుల డబ్బా పైనున్న అరలో ప్లాస్టిక్ కవరులో ఉంటాయి. ముగ్గురు పిల్లలకూ ఆ అర తెలుసు. ఏటా సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ దాన్ని కిందికి దింపిస్తుంది, కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేజీ మాతోనే పైకి చదివిస్తుంది, మారినవి కొట్టేయించి పక్కన తేదీ వేయిస్తుంది. మీ నోటుబుక్కులో మొదటి పేజీకి ఈరోజు తేదీ వేశారా? వేయకపోతే వీడియో ఆపి వేయండి.