ముందు ఆ వేడినీళ్ళ బకెట్టు పక్కన పెట్టండి

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు నమస్కారం. నన్ను పరిచయం చేసినవారు చాలా మంచి మాటలు చెప్పారు. వాటికి తగినట్టు ధన్యవాదాలు చెప్పుకుంటూ పోతే నాకిచ్చిన సమయం అక్కడే అయిపోతుంది. ఏళ్ళ తరబడి పాదాలు మొద్దుబారినవారికి సహజ, సంప్రదాయ చికిత్సల గురించి చెప్పమన్నారు. చెబుతాను. అంతకంటే ముందు ఒక కోపం తీర్చుకోవాలి. అది వేడినీళ్ళ బకెట్టు మీద.

కాళ్ళ పుండ్లకు కట్లు కట్టడం నా వృత్తి. బొబ్బలెక్కిన పాదాలతో వచ్చినవారిని ఏం చేశారని అడిగితే, తిమ్మిరి పోతుందని ఎవరో చెబితే ఉప్పు కలిపిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టామంటారు. కాలుతున్నట్టు తెలియలేదా? తెలియలేదు. తెలియకపోవడమే కదండీ వాళ్ళ జబ్బు! సలహా ఇచ్చిన పెద్దమనిషికి ఆ సంగతి తట్టదు. అరవై డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. స్పర్శ ఉన్నవాళ్ళు అంతలోపే కాలు వెనక్కి లాక్కుంటారు. లేనివాళ్ళు హాయిగా కూర్చుంటారు. కాపడం సంచీ అయినా, నిప్పుల సెగ అయినా ఇదే వరుస.

ఇక్కడ పాల్ బ్రాండ్ గురించి చెప్పకుండా ఉండలేను. నా ప్రసంగం ఇదివరకు విన్నవారు నవ్వుతున్నారు, నవ్వండి. ఆయన 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు. కుష్ఠు రోగుల వేళ్ళు వాటంతటవే కుళ్ళి రాలిపోతాయని అప్పట్లో వైద్యులు కూడా నమ్మేవారు. ఒకరోజు తుప్పుపట్టిన తాళం ఒకటి ఆయన చేతికి తిరగలేదు. రోగుల్లో ఒక కుర్రవాడు వచ్చి తాళంచెవి పట్టుకుని తిప్పేశాడు. తాళం తెరుచుకుంది. కింద రక్తపు చుక్క పడింది. చూస్తే కుర్రవాడి వేలు ఎముక దాకా తెగి ఉంది, వాడికి ఆ సంగతే తెలియదు! నొప్పి తెలియని చేతికి, కాలికి రోజూ తగిలే దెబ్బలే వాటిని తినేస్తున్నాయని బ్రాండ్ తేల్చింది ఇలాంటివి చూసే. ఆ తర్వాత అమెరికాలో మధుమేహ రోగుల పాదాలకూ ఆయన ఇదే సూత్రం చెప్పారు. నొప్పి పోతే వీధికుక్క మొరగని ఇల్లు లాంటిది పాదం. ఎవరు వచ్చి వెళ్ళారో తెల్లారితే గాని తెలియదు.

అయ్యా, నూనె మర్దన సంగతేమిటని ముందువరుసలో ఒకరు చేయి ఎత్తారు. చేయండి. గోరువెచ్చని నూనెతో మెల్లగా, వేళ్ళ సందుల్లో మాత్రం తడి నిలవకుండా. నూనె నరాన్ని మళ్ళీ మొలిపించదు. దెబ్బతిన్న నరం పెరిగే పరిస్థితి ఉన్నా, ఆ పెరుగుదల రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. అయినా మర్దన ఎందుకు మంచిదంటున్నానంటే, ఆ వంకన మీ చేయీ మీ కన్నూ రోజుకొకసారి అరికాలంతా తిరుగుతాయి. పగుళ్ళు, ఆనెకాయలు, గుచ్చుకున్న ముల్లు బయటపడతాయి. మిరప ఘాటుతో చేసే క్యాప్సైసిన్ లేపనం మంటకు, పోట్లకు కొందరికి పనికొస్తుంది. పోయిన స్పర్శను అది తేలేదు.

నరాల బలానికని పొట్లాల్లో అమ్మే భస్మాల దగ్గర మాత్రం నేను మొహమాటపడను. అలాంటి కొన్ని మందుల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్ ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. సీసం, ఆర్సెనిక్ నరాలనే చెడగొడతాయి. తిమ్మిరికని మింగితే తిమ్మిరే పెరుగుతుంది. సహజమైనదే కదా అంటారు. సీసం కూడా భూమిలో దొరికేదే మరి.

విటమిన్ల విషయంలోనూ తొందర వద్దు. బి12 లోపిస్తే పాదాలు మొద్దుబారతాయి, మధుమేహానికి ఏళ్ళుగా మెట్‌ఫార్మిన్ వాడేవారిలో ఆ లోపం కనిపిస్తుంది. రక్తపరీక్షతో తేలిపోతుంది, మందు ఉంది. ఆలస్యమైతే కొంత నష్టం నిలిచిపోతుంది. బి6 మాత్రం అతిగా మింగితే నరాలను అదే దెబ్బతీస్తుంది. కాబట్టి కారణం తెలియకుండా వైద్యం మొదలుపెట్టకండి. మధుమేహం, థైరాయిడ్, మద్యం, వెన్నులో నొక్కుకుపోయిన నరం, కొన్ని క్యాన్సర్ మందులు, దేనికి దాని దారి. ఉన్నట్టుండి ఒకవైపు కాలూ చేయీ మొద్దుబారినా, తొడల మధ్య స్పర్శ పోయి మూత్రం అదుపు తప్పినా, అది ఇంటివైద్యం వేళ కాదు. అప్పటికప్పుడు ఆసుపత్రికి.

ఇంకా చెప్పాల్సినవి రాసుకొచ్చాను, వదిలేస్తున్నాను. దానికి బదులు ఒక పని చేద్దాం. అందరూ చెప్పులు విప్పండి. అవును, ఇక్కడే! మేజోళ్ళు కూడా. కళ్ళు మూసుకోండి. పక్కవారు మీ రెండు పాదాల్లో బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను చూపుడువేలితో ఊరికే తాకాలి, నొక్కకూడదు, ఒకటి రెండు సెకన్లు చాలు. తాకినప్పుడల్లా కుడో ఎడమో చెప్పండి. ఆరింటిలో రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలియకపోతే రేపే వైద్యుడికి పాదాలు చూపించాలి. పక్కన ఎవరూ లేనివారు చేయి ఎత్తండి, నేను కిందికి వస్తున్నాను.