సిలిండర్ కదిలితే రివాల్వర్ పనికిరానట్టేనా?

వ్యాఖ్యాత: బరంపురం స్టూడియోకి స్వాగతం. పర్లాకిమిడి నుంచి ఒక లైసెన్స్‌దారు ఇలా రాశారు: ".32 రివాల్వర్‌లో తూటాలుండే సిలిండర్ ఊపితే కాస్త కదులుతోంది. పేల్చినప్పుడు ఏ ఇబ్బందీ లేదు. పక్కన పెట్టేయాలా?" మాస్టారూ, పోలీసు ఆయుధాగారంలో పనిచేసిన మీరే చెప్పాలి.

రిటైర్డ్ ఆర్మరర్: ముందు తూటాలన్నీ తీసేశారో లేదో చూసుకోమనండి. రవ్వంత కదలడం లోపం కాదండీ, తిరగాలంటే ఆ మాత్రం సందు ఉండాలి. తూటాను కొట్టి పేల్చే హ్యామర్ పూర్తిగా వెనక్కి లాగినప్పుడు మాత్రం సిలిండర్ బిగిసి నిలవాలి. నిలవకపోతే తూటా గొట్టానికి సూటిగా రాదు. సీసం చీలి పక్కవాడి మొహాన చిమ్ముతుంది. ఇంకోటి, ఖాళీ రివాల్వర్‌లో లాగిన హ్యామర్‌ను బొటనవేలితో ముందుకు నొక్కాలి. ట్రిగ్గర్ ముట్టకుండానే అది పడిపోతే ఇక దాన్ని వాడొద్దు.

న్యాయవాది: ఎప్పుడో ఒకసారి జరిగేదానికి కూడానా?

ఆర్మరర్: ఒక్కోసారి పేలకపోతే తూటా పాతదేమో, స్ప్రింగు నీరసించిందేమో చూడొచ్చు. ఆత్మరక్షణకు పెట్టుకున్నవాళ్లకు అదీ చిన్న విషయమేం కాదు. కానీ పేలకూడనప్పుడు పేలేది ఎంత అరుదైనా నేను ఒప్పుకోను.

వ్యాఖ్యాత: అమెరికాలో సిగ్ సావర్ కంపెనీ పీ320 పిస్టల్ గొడవ అదేగా?

ఆర్మరర్: అదే. 2017 జనవరిలో వాళ్ల సైన్యం ఆ పిస్టల్‌ రకాన్ని ఎంచుకుంది. అదే ఏడాది, వెనక భాగం ఒక కోణంలో నేలకు తగిలితే పేలుతోందని తేలింది. పడిన ఊపుకి ట్రిగ్గర్ తన బరువుతోనే వెనక్కి కదిలేది. ఆగస్టులో కంపెనీ ఉచితంగా తక్కువ బరువున్న ట్రిగ్గర్ వేసిస్తామంది. మరి అది కింద పడేసి చూసే డ్రాప్ పరీక్షలు పాసైన పిస్టలే! ఆ కోణంలో పడేసి చూడలేదంతే.

న్యాయవాది: 2025 జూలైలో వయోమింగ్ వైమానిక స్థావరంలో ఒక సైనికుడు చనిపోతే ఎం18 వాడకం ఆపారు. అది పీ320 రకమే. తర్వాత ఆ మరణం విషయంలో ఇంకో సైనికుణ్ని అరెస్టు చేశారు, తనిఖీలయ్యాక పిస్టళ్లు మళ్లీ వాడకంలోకి వచ్చాయి.

ఆర్మరర్: అందుకే ఎవరో చెప్పారని తుపాకీని తప్పుపట్టను. ఎలా పేలిందో మళ్లీ చేసి చూపించగలగాలి. 2017లో అలా చూపించారు, కంపెనీ దిగొచ్చింది.

వ్యాఖ్యాత: ఈ లైసెన్స్‌దారుకి గుణుపురంలో లేత్ పనివాడు ట్రిగ్గర్ సులువుగా లాగేలా చేసిస్తానన్నాడట!

న్యాయవాది: అయ్యో, వద్దండీ. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 ప్రకారం మరమ్మతుకీ లైసెన్స్ ఉండాలి. లైసెన్సున్న డీలరు దగ్గరికే వెళ్లమనండి. తూటాలు తీసేసి, లైసెన్స్ కాగితాలు వెంట పెట్టుకుని.