‘మామయ్య పోయిండు’ అంటే ఎందుకంత కంగారు? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. తెలుగు మాటల మీద మీ సందేహాలకు రిటైర్డ్ తెలుగు మాస్టారు జవాబు చెబుతున్నారు. రాజోలు దగ్గర నుంచి ఒకావిడ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: ఆయ్, నమస్కారమండి మాస్టారూ. మా కోడలిది కరీంనగర్ వైపండి. మొన్న కొబ్బరి దింపు తీయించాం, బేరం మాట్లాడ్డానికి మా ఆయన పొద్దున్నే అంబాజీపేట వెళ్ళారు. ఫోన్ ఇంట్లోనే మర్చిపోయారు. నేనేమో దొడ్లో ఉన్నాను. నరసాపురం నుంచి మా ఆడపడుచు ఫోన్ చేస్తే కోడలు ఎత్తి, “మామయ్య పొద్దున్నే పోయిండు” అందండి. అంతే. ఆవిడ కట్టుబట్టలతో గోదావరి దాటే పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి, ఆటో మాట్లాడుకుని ఏడ్చుకుంటూ వచ్చేసింది. వీధిలో వాళ్ళంతా పోగయ్యారు. అప్పట్నుంచి ఆ పిల్ల టెన్షన్‌తో ఫోన్ ముట్టుకోవడం లేదు. ఆ మాట మాన్పించాలాండి?

మాస్టారు: ఆ అమ్మాయి తప్పేమీ మాట్లాడలేదని ముందు ఇంట్లో అందరికీ చెప్పండమ్మా. ‘పోవు’ అచ్చ తెలుగు క్రియ. దానికి మొదటి అర్థం వెళ్ళడమే. తెలంగాణలో, రాయలసీమలో ఇప్పటికీ రోజువారీ మాట అదే. బడికి పోతారు, పొలానికి పోతారు, పెళ్ళికి పోతారు. మన వైపు ఆ పనంతా ‘వెళ్ళు’కు అప్పజెప్పాం. దాంతో ఏ ఊరో చెప్పకుండా ఫలానా ఆయన ‘పోయాడు’ అంటే మన చెవికి చావు కబురే. పెద్దవయసు మనిషైతే ఇక చెప్పనక్కర్లేదు.

కాలర్: అవునండి, గుండె జల్లుమంటుంది.

మాస్టారు: చావును ఆ మాటతో అనలేక, వెళ్ళడం మీద పెట్టి చెప్పడం మనకు పాత అలవాటమ్మా. పద్యాల్లో ‘చనెను’ అంటే వెళ్ళాడనే. ‘చనుదెంచెను’ అంటే వచ్చాడు. ఆ ‘చను’ ఇవాళ మన మాటల్లో ‘చనిపోయాడు’లోనే వినిపిస్తుంది. అందులో చనడమూ వెళ్ళడమే, పోవడమూ వెళ్ళడమే! మర్యాద కోసం వాడగా వాడగా ఆ అర్థమే దానికి అంటుకుపోయింది. ఇప్పుడు నేను ‘అంటుకుపోయింది’ అన్నానా, అందులోనూ ‘పో’ ఉంది. పడిపోయింది, అయిపోయింది, ఆఖరికి మనం మర్యాదగా అనే ‘వెళ్ళిపోయారు’ కూడా. ‘రాబోతున్నారు’లో ‘బో’ ఈ ‘పో’నే. అది లేకుండా మనకూ పూట గడవదు.

యాంకర్: కోడలుగారు పక్కనే ఉంటే ఒకసారి ఇస్తారా?

కోడలు: నమస్తే సార్. బస్సు పోయింది, కరెంటు పోయింది అని ఈడ అనొచ్చా? ఊరికి బయల్దేరేటప్పుడు “పోయొస్త అత్తమ్మా” అంటే బాధపడతరా?

మాస్టారు: బస్సు, కరెంటు, పోయిన సంక్రాంతి, వీటిని ఎవరూ పట్టించుకోరమ్మా. ‘పోయొస్త’ మాత్రం నాకు చాలా ఇష్టమైన మాట. ఇక్కడ ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు ఉత్త ‘వెళ్తాను’ అంటే, “వెళ్ళొస్తాను అనాలి” అని పెద్దవాళ్ళు దిద్దుతారు. మీ ఇంట్లో ఉత్త ‘పోత’ అంటే మీ అమ్మ ఊరుకుంటుందా?

కోడలు: ఊకోదు సార్. “పోయొస్త అనాలె బిడ్డా” అంటది.

మాస్టారు: మరి రెండు చోట్లా తిరిగి రావడాన్ని మాటలోనే పెట్టుకున్నాం కదా! నువ్వు ‘పోయొస్త’ మానకు తల్లీ. ఫోన్లో మాత్రం ఊరి పేరూ, వచ్చే వేళా కలిపి చెప్పు. “మామయ్యగారు అంబాజీపేట వెళ్ళారండి, సాయంత్రానికి వచ్చేస్తారు” అను. ‘వెళ్ళాడు’ అనకు. మీ వైపు ‘పోయిండు’లో అమర్యాద లేకపోవచ్చు, ఇక్కడ మామగారిని ‘డు’తో అంటే నొచ్చుకుంటారు.

కోడలు: సరే సార్. అత్తమ్మకిస్త.

కాలర్: మాస్టారూ, రేపు మనవడో మనవరాలో పుడితే ఏ మాట నేర్పమంటారు?

మాస్టారు: రెండూనమ్మా. అమ్మమ్మ దగ్గర ‘పోయొస్త’, మీ దగ్గర ‘వెళ్ళొస్తా’. ఎవరి దగ్గర ఏది అనాలో పిల్లలకు ఇట్టే పట్టుబడుతుంది. ఈలోగా మీ ఆడపడుచు చేత ఆ అమ్మాయికి ఒక ఫోన్ చేయించండి. ఈసారి కోడల్నే ఎత్తమనండి.

కాలర్: ఇవాళే చేయిస్తానండి.